మంచి చీటీ

లింబే స్టాండులో మినీబస్సు నిండితేనే కదులుతుంది, ఇంకా నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఆ నాలుగూ సాయంత్రం దాకా నిండకపోతే బాగుండునని కిటికీ పక్కన కూర్చుని కోరుకుంటున్నాను. కోరుకుంటూనే వాచీ చూసుకుంటున్నాను. రెండు దాటింది. ఈరోజు ఆదివారం, రేపు ఉదయం ఏడు గంటల వార్తల్లో రేడియో చెప్పేస్తుంది, మా డాక్టర్ కపీటో గొంతుతోనే చెప్తుంది, ఆవిడ నిన్న రేడియో స్టేషనుకు వెళ్లి మాట్లాడి వచ్చింది. జెలీఫా వాళ్లింట్లో రేడియో ఉందో లేదో నాకు తెలియదు. టీ తోటల ఊళ్లలో ఒక ఇంట్లో మోగితే పది ఇళ్లకు వినపడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను పుట్టిన గంట నుంచే తల్లి రొమ్ముకు ఆనించి కట్టి ఉంచితే ఎక్కువమంది బతుకుతున్నారని వైద్య కళాశాల పరిశోధనలో తేలింది, అంతవరకే రేడియో చెప్తుంది. అలా కట్టకుండా విడిగా ఉంచిన పిల్లల సంగతేమిటన్నది వినేవాళ్లు ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. జెలీఫా ఆ ఊహ ఒక్కతే, పొయ్యి దగ్గర కూర్చుని, చేతిలో గరిటె పట్టుకుని చేయకూడదు. అందుకే బయల్దేరాను. అందుకేనా, లేక వస్తానని మాటిచ్చాను గనకనా, లేక ఆ మాట ఇచ్చిన రోజు నుంచీ లోపల ఏదో ముల్లులా ఉండిపోయినందుకా, ఏదైతేనేం, టిక్కెట్టు డబ్బులు ఇచ్చేశాను, దిగిపోతే కండక్టరు తిరిగివ్వడు.

"అక్కా, కాస్త జరగండి. సీటుకి నలుగురు." కండక్టరుకు యాభై ఏళ్లుంటాయి, ముందు పళ్లు రెండు లేవు. "ముగ్గురే పడతారు," అన్నాను. "మనసుంటే ఐదుగురు పడతారక్కా, మా ఆవిడ పక్కన అయితే నేనొక్కణ్ణే పట్టను," అన్నాడు, వెనక సీట్ల వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు రావడం నాకే వింతగా ఉంది. మొన్న శుక్రవారం కూడా ఇలాగే, హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మా లెక్కలను మధ్యమధ్య బయటి నుంచి చూసే పెద్దలు కొందరుంటారు, వాళ్ల మొహాలు మాకు తెలియవు, ఏ బిడ్డ ఏ వైపు పడిందో ఎంతమంది పోయారో వాళ్లకు మాత్రమే తెలుస్తుంది, వాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది, ఇక చీటీలు వేసి పిల్లల్ని రెండు వైపులా పంచడం ఆపేయండి, ఏ వైపు మేలో తేలిపోయింది, ఇంకా ఒక్క బిడ్డను కూడా తల్లికి దూరంగా ఉంచడం ధర్మం కాదు అని. ధర్మం కాదు అన్న మాట డాక్టర్ కపీటో రెండుసార్లు చదివింది. చప్పట్లు. ఎవరో కేకు తెచ్చారు. మూడో చప్పట దగ్గర నా చేతులు ఒకదాన్నొకటి తాకకుండా గాల్లో ఆగిపోయాయి, ఎందుకంటే అప్పటిదాకా బతికిన పిల్లలే నా కళ్ల ముందున్నారు, ఆ క్షణాన మోచేతుల దాకా కడుక్కున్న రెండు చేతులు వచ్చి నిలబడ్డాయి.

పక్క సీట్లో బిడ్డతల్లి కూర్చుంది. వీపున కట్టుకున్న చితెంజె గుడ్డ ముడి విప్పి బిడ్డను ముందుకు తిప్పుకుంది, ఆరేడు నెలల బొద్దు పిల్ల, నిద్రలోనే పెదాలు ఆడిస్తోంది. వేరుశనగ జావ వాసన, పాల వాసన. డ్రైవరు ఇంజను వేసి మళ్లీ ఆపేశాడు, జనాన్ని ఆశపెట్టడానికి. మా అమ్మమ్మ న్చేవు కొండల్లో ఉండేది, కాన్పులు ఆవిడే చేసేది, వారం పది రోజుల ముందో రెండు నెలల ముందో పుట్టిన పిట్టపిల్లల్ని తల్లి రొమ్ముల మధ్య పెట్టి పైన గుడ్డ బిగించి, వంటపొయ్యి ఉన్న గదిలో కూర్చోబెట్టేది, తల్లికి జ్వరం వస్తే తానే కట్టుకునేది. నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడు ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. మా టీచరు నవ్వలేదు, కానీ బోర్డు మీద రాసింది, ముందు వెచ్చదనం, ఊపిరి, గుండె కుదుటపడాలి, ఆ తర్వాతే తల్లి. మేం రాసుకున్నాం. పుస్తకాల్లోనూ అదే ఉంది, ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే చేసేవాళ్లు. చిన్న ప్రాణం, కదిలిస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. ఆ భయం అబద్ధం కాదు. అబద్ధమని తేలేదాకా ఏ భయమూ అబద్ధంలా ఉండదు.

నాలుగో మనిషి ఎక్కాడు, బస్సు కదిలింది. ఎక్కినాయన ముసలాయన, ఒళ్లో గోనెసంచి, సంచిలోంచి కోడి తల బయటికి పెట్టి అందర్నీ చూస్తోంది. నా సంచి మీద వైద్య కళాశాల గుర్తు ఉంది, అది కనపడకుండా లోపలికి తిప్పాను, కానీ ఆయన చూసేశాడు. "ఆసుపత్రా తల్లీ?" అన్నాడు. అవునన్నాను. "పరీక్షలు చేసే రకమా, మందులిచ్చే రకమా?" రెండూనన్నాను. ఆయన కోడి తలను సంచిలోకి నొక్కాడు. "నా రక్తం మూడు గొట్టాలు పట్టారు, వరదలొచ్చిన ఏడు. చక్కెర ఎవరికుందో తేలుస్తామన్నారు. బెంచీ వేసి కూర్చోబెట్టారు, బిస్కట్టు కూడా ఇచ్చారు, తప్పు చెప్పకూడదు. నాకుందా లేదా అన్నది ఇప్పటికీ చెప్పలేదు." పక్కామె నవ్వి, "ఉంటే ఈపాటికి తెలిసేదిలే తాతా," అంది. "అది కాదమ్మా. అడగడానికి వస్తారు, చెప్పడానికి రారు. పిల్లను చూడ్డానికొచ్చిన వాళ్లు నచ్చిందో లేదో చెప్పకుండా పోతే ఏమంటాం?" బస్సులో ఇద్దరు ముగ్గురు తలలూపారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, రంపపు మిల్లు, చర్చి, టైర్ల దుకాణం. నేను చెప్పడానికే వెళ్తున్నాను తాతా అని అనొచ్చు. అంటే ఎవరికి, ఏమని అని అడుగుతాడు. గొంతులో ఉన్నది వేరేవాళ్లకు ముందు చెప్పేస్తే ఆమెకు చెప్పడానికి మిగలదేమోనని నోరు మూసుకున్నాను.

చీటీ తెరిచింది నేనే. అప్పుడు కూడా వానాకాలమే, పదకొండు నెలల కిందట, మధ్యాహ్నం. జెలీఫా బల్ల మీద పడుకుని ఉంది, ఇరవై రెండేళ్లుంటాయి, కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని వాచిపోయింది. మగబిడ్డ, కిలో మూడు వందల యాభై గ్రాములు. మొగుడి పేరు మాయికోలో, తలుపు దగ్గర నిలబడ్డాడు, టీ ఫ్యాక్టరీలో ఆకు ఎండబెట్టే చోట పని, చొక్కా నిండా ఆకు పొడి, చేతిలో టోపీ. కాగితం చదివి వినిపించాను, మీ బిడ్డ చిన్నవాడు, ఇలాంటి పిల్లల్ని పుట్టగానే తల్లికి కట్టడం మంచిదా, ముందు వెచ్చటి తొట్టిలో కుదుటపరిచి తర్వాత కట్టడం మంచిదా, ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికే ఈ పని, మీరు ఒప్పుకుంటే కవరు తెరుస్తాం, అందులో ఏది వస్తే అది, ఒప్పుకోకపోతే మామూలుగా అందరికీ చేసేదే చేస్తాం. ఆమె మొగుడి వైపు చూసింది, అతను నా వైపు చూశాడు. ఆమె పెన్ను తీసుకుని పేరు మొత్తం రాసింది, ఒక్కో అక్షరం వత్తి. గోధుమరంగు కవరు, చించాను, లోపలి కాగితం మడత విప్పాను. తొట్టి. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే నా మొహం మీదికి నవ్వు వచ్చింది. "నీకు మంచి చీటీ పడిందమ్మా," అన్నాను. నాకెవరూ అలా అనమని చెప్పలేదు. అనకూడదని శిక్షణలో చెప్పారు, రెండు వైపులా ఒకే మొహం పెట్టాలి, ఒకే గొంతుతో చదవాలి. కానీ నేను నమ్మాను. ఆ వెచ్చటి దీపం, మెరిసే తొట్టి, గోడకు అంకెలు చూపించే యంత్రం, ఇవన్నీ ఈ టీ ఆకు కోసే పిల్లకు దొరికాయని నిజంగా సంతోషించాను. ఆమె మాయికోలోతో, "మనకు మంచిది పడిందంట," అంది. అతను టోపీ చంకలో పెట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, అరచేతులు గిన్నెలా చేసి నాకు మెల్లగా చప్పట్లు కొట్టాడు, పెద్దవాళ్లకు కృతజ్ఞత చెప్పేటట్టు. ఆ చప్పట్లు నాలుగూ ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆ గంటలోనే తర్వాతి కవరు ఇంకొకావిడకు, దోరియాకు, తెరిచాను, తల్లికి కట్టమని వచ్చింది. దోరియా ఏడ్చింది. "నేనేం పాపం చేశాను, నా బిడ్డకు డబ్బా రాలేదే," అని. ఆమెను ఓదార్చాను కూడా, కట్టుకున్నా ఫరవాలేదులే అమ్మా అని, రెండో రకం గుడ్డ వచ్చినదాన్ని ఓదార్చినట్టు. దోరియా కొడుకు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నెలనెలా నా ఫోనుకు ఫోటో పంపిస్తుంది, ఈ ఉదయం కూడా వచ్చింది, నోట్లో మామిడి టెంక, గడ్డం నిండా పసుపు. చూసి ఫోను బోర్లా పెట్టేశాను. పాపం వాడేం చేశాడు. వాడు బతకడం తప్పన్నట్టు బోర్లా పెట్టాను. మళ్లీ తీసి, చాలా ముద్దుగా ఉన్నాడు అని రాసి పంపాను.

బ్వుంబ్వే ఊరు దాటాక వాన మొదలైంది. కిటికీ అద్దం పైకి రాదు, కండక్టరు ప్లాస్టిక్ సంచి ఇచ్చి అడ్డం పెట్టుకోమన్నాడు. పోలీసు గేటు దగ్గర ఆగాం, పోలీసు తల లోపలికి పెట్టి లెక్కపెట్టి, లెక్క నచ్చక మళ్లీ లెక్కపెట్టి, వానకు విసుగొచ్చి పొమ్మన్నాడు. బిడ్డతల్లి గుడ్డ అంచు లాగి పిల్ల తల మీద కప్పింది, ఆ కప్పడంలో ఆలోచన లేదు, చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆరోజుల్లో, బిడ్డ పుట్టిన రెండో రోజు సాయంత్రం, జెలీఫా చిన్నపిల్లల గది తలుపు దగ్గరికి వచ్చింది. కాన్పు గది నుంచి గోడ పట్టుకుని నడిచి వచ్చింది, జాకెట్టు ముందంతా పాలతో తడిసింది. నేను నేర్పినట్టే మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, కడుక్కున్న చేతులు దేనికీ తగలకుండా పైకి పట్టుకుని నిలబడింది, నీళ్లు మోచేతుల్లోంచి నేల మీదికి కారుతున్నాయి. "సిస్టర్, ఒక్కసారి. ఒక్క గడియ ఇక్కడ పెట్టుకుంటాను," అని గడ్డంతో తన రొమ్ము చూపించింది, చేతులు దించితే మురికి అవుతాయని. "ఇంకా కుదుటపడలేదమ్మా. ఊపిరి కుదుటపడనీ, నేనే పిలుస్తాను," అన్నాను. మెత్తగానే అన్నాను. నా చేతులకు గ్లోవులున్నాయి, లోపల ఇంకో బిడ్డకు ట్యూబు పెడుతున్నాను. అందుకని తలుపు కాలితో మూశాను. కాలితో. మూసుకున్నాక కూడా కింద సందులోంచి ఆమె పాదాలు చాలాసేపు కనపడ్డాయి. మూడో రోజు తెల్లవారుతుండగా బిడ్డ పోయాడు. నా డ్యూటీ కాదు అప్పుడు, అది నాకు ఊరట అనుకున్నాను, కాదు.

ఆసుపత్రి నుంచి వెళ్లేటప్పుడు జెలీఫా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు. "నా దగ్గరుంటే బతికేవాడా సిస్టర్?" అంది. తెలియదన్నాను. ఎవరికీ తెలియదు, అందుకే ఈ పని చేస్తున్నాం అన్నాను. అది నిజం. నా జీవితంలో అంత నిక్కచ్చిగా చెప్పిన నిజం ఇంకొకటి లేదు, చెప్పాక ఇంత బరువుగా ఉన్నదీ లేదు. "తెలిసినప్పుడు చెప్తారా?" అంది. "నేనే మీ ఊరు వచ్చి చెప్తాను," అన్నాను. వెనక మాయికోలో అట్టపెట్టె పట్టుకుని ఉన్నాడు, చిన్న పెట్టె, బల్బులు అమ్మే పెట్టెల్లో పెద్దది. డాక్టర్ కపీటో నిన్న అంది, "ఎలూబీ, వచ్చే వారం కారు ఇస్తాను, ఇంకో మనిషిని తోడు తీసుకెళ్లు, బిడ్డలు పోయిన ఇళ్లన్నిటికీ ఒకేలా చెప్పాలి, మాటలు నేను రాసిస్తాను." "రేడియో వచ్చే వారం దాకా ఆగుతుందా డాక్టర్?" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వెళ్లు. వెళ్తే నా తరపున కూడా వెళ్లు," అంది. చీటీ సంగతి ఆవిడకు చెప్పలేదు. నవ్విన సంగతి, మంచి చీటీ అన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏ ఫారంలోనూ ఆ గడి లేదు.

జెలీఫా ఊరి స్టేజీ దగ్గర దిగాను. ముసలాయన కోడిని పట్టుకుని, "జాగ్రత్త తల్లీ, జారుతుంది," అన్నాడు. రోడ్డుకు అవతల లింబే వెళ్లే మినీబస్సు ఆగి ఉంది, కండక్టరు నన్ను చూసి చెయ్యి ఊపాడు, "ఒక్క సీటమ్మా, ఒక్క సీటు, మీకోసమే ఆగింది." ఒక్క సీటు. వాన. రేపు రేడియో చెప్తుంది, వచ్చే వారం కారు వస్తుంది, తోడు మనిషి ఉంటుంది, రాసిచ్చిన మాటలుంటాయి, ఆ మాటల్లో నవ్వు ఉండదు, కాలితో మూసిన తలుపు ఉండదు, ఒకేలా చెప్పాలి కదా. రోడ్డు సగం దాటేశాను కూడా. ఎందుకు ఆగానో చెప్పలేను. గొప్ప ఆలోచనేమీ రాలేదు. చెప్పులో రాయి దూరింది, వంగి తీసుకున్నాను, తల ఎత్తేసరికి ఆ బస్సు ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్లిపోతోంది. అంతే. దుకాణం చూరు కింద నిలబడ్డ ఆడవాళ్లను దారి అడిగాను, టీ తోట మధ్యలోంచి, బడి దాటి, కందిచేను పక్కన అన్నారు. నడిచాను. టీ చెట్ల మధ్య ఎర్ర బురద చీలమండల దాకా వచ్చింది. ఏమని మొదలుపెట్టాలో నడుస్తూ పది రకాలుగా అనుకున్నాను, పదీ అబద్ధంలా వినపడ్డాయి.

జెలీఫా వసారాలోకి వచ్చిన వాననీళ్లను చీపురుతో బయటికి తోస్తోంది. తల ఎత్తి చూసింది. చిక్కింది, మెడ కింద ఎముకలు కనపడుతున్నాయి. చీపురు గోడకు ఆనించింది. "వచ్చావా," అంది. ఆసుపత్రిలో మీరు అనేది. "వస్తానన్నాను కదా," అన్నాను. "అన్నావు," అంది. చాప పరిచింది. వాళ్లమ్మ లోపలి నుంచి లోటాతో తోబ్వ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో అందించింది. ఇంటికొచ్చిన మనిషి ముందు తాగాలి, తర్వాతే మాట. తియ్యటి మొక్కజొన్న గంజి, నా నోటికి మట్టిలా ఉంది, మొత్తం తాగాను. ఇల్లు బాగుందా, బాగుంది, దారి ఎలా ఉంది, బురద. మాటలయ్యాయి. పెద్దావిడ లోటా తీసుకుని లోపలికి వెళ్లింది.

"తెలిసింది జెలీఫా," అన్నాను. "పుట్టగానే తల్లికి కట్టిన పిల్లలు ఎక్కువమంది బతికారు. వంద మందికి నలుగురు ఎక్కువ. కట్టినా కొందరు పోయారు. తొట్టిలోనూ చాలామంది బతికారు. కానీ కట్టడమే మేలని తేలింది. రేపు రేడియోలో వస్తుంది, అంతకుముందే నీకు నేను చెప్పాలి." నలుగురు, అంది ఆమె మెల్లగా. "ఆ నలుగురిలో నా వాడున్నాడో లేదో?" "అది తెలియదు. ఎప్పటికీ తెలియదు." వాన చూరు నుంచి కారుతోంది. ఇక మిగిలింది ఒక్కటే. "నీకు మంచి చీటీ పడిందన్నది నేను. అనకూడదు, అన్నాను. నవ్వాను కూడా. నువ్వు చేతులు కడుక్కుని వచ్చినప్పుడు తలుపు మూసిందీ నేనే." జెలీఫా నా మొహం వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు, దేన్నో గుర్తుపడుతున్నట్టు. "నాకు గుర్తుంది," అంది. "నువ్వు నిజంగానే సంతోషపడ్డావు ఆరోజు. నా కోసం అంత సంతోషపడ్డవాళ్లను నేను చూళ్లేదు. అందుకే నమ్మాను." కొట్టి ఉంటే బాగుండేది.

ఏదో ఒకటి అడగాలని, "మాయికోలో ఏడి?" అన్నాను. "పంపించేశారు," అంది. ఎవరు, ఎందుకు. ఆమె చీపురు పుల్ల ఒకటి తీసి విరుస్తూ చెప్పింది. బిడ్డ పుట్టాక పెద్దలు వాడిని చేతుల్లోకి తీసుకునే దాకా మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి పోకూడదు, పోతే ఆ వేడి తగిలి బిడ్డ పోతాడని ఇక్కడి మాట. మా ఊళ్లోనూ అంటారు. బిడ్డ పోయాడంటే ఎవరో కట్టు తప్పారు. జెలీఫా మూడు రోజులూ ఆసుపత్రిలోనే ఉంది గనక ఆమె కాదు, కాబట్టి అతను. భార్య ఊరికి వచ్చి ఉంటున్న మగాడు, అతని తరపున మాట్లాడేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు. మేనమామ బిసలోము పంచాయితీ పెట్టి సైకిలు, దుప్పటి ఇచ్చి పంపించేశాడు. మాయికోలో కట్టు తప్పలేదని తాను ఎంత చెప్పినా వినలేదు. "మరి బిడ్డ ఎందుకు పోయాడో చెప్పు అన్నారు. ఏం చెప్పను. నువ్వే తెలియదన్నావు కదా." పుల్ల ముక్కలు చాప మీద పడ్డాయి. "నేను కూడా," అని ఆగింది. "నేను కూడా ఒక్కోసారి, తప్పాడేమో అనుకున్నాను. అతను వెళ్లేటప్పుడు నా మొహం చూశాడు. అందులో అది కనపడి ఉంటుంది." పదకొండు నెలలు నా నవ్వును నేనొక్కదాన్నే మోశాననుకున్నాను. ఆ నవ్వు ఇక్కడికి వచ్చి ఒక సంసారం మీద కూర్చుంది.

ఆమె లేచింది. "రా," అంది, "ఈ మాట మా మామయ్య ముందు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు. తలుపు సంగతి కూడా."

బిసలోము ఇల్లు రెండు చేల అవతల. వాన ఆగింది. ఆదివారం కాబట్టి నలుగురైదుగురు పెద్దవాళ్లు వసారాలో ఉన్నారు, కందికాయలు ఒలుస్తున్నారు. జెలీఫా వాళ్లమ్మ వెనకే వచ్చింది, ఏమిటే, ఏమిటే అంటూ. చాప మీద కూర్చుని చెప్పాను. ఈసారి తడుముకోలేదు, రెండోసారి చెప్తున్నాను కదా. పరిశోధన చెప్పాను, చీటీ చెప్పాను, నవ్వు చెప్పాను, కడిగిన చేతులు చెప్పాను, కాలితో మూసిన తలుపు చెప్పాను. కందికాయలు ఒలిచే చప్పుడు ఒక్కొక్కరిదీ ఆగిపోయింది. బిసలోము ఎండిపోయిన మనిషి, చెవిలో జొన్నపుల్ల పెట్టుకున్నాడు, దాన్ని తీసి చూసి పారేశాడు. "ఆసుపత్రి వాళ్లు తప్పు ఒప్పుకోవడం ఇదే వినడం," అన్నాడు. "సరే. ఒక్క మాట చెప్పు. ఆ బిడ్డను తల్లికి కట్టి ఉంటే బతికేవాడా? అవును, కాదు. ఏదో ఒకటి చెప్పు."

జెలీఫా నన్ను చూస్తోంది. అవునంటే అయిపోతుంది. ఒక్క మాట, మూడక్షరాలు, ఆమె మొగుడు తిరిగొస్తాడు, ఆమె మొహంలో ఉన్నది కరుగుతుంది, తప్పంతా నా మీదికి వస్తుంది, రానీ. నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండు నెలల కిందట కూడా ఇలాగే వచ్చింది, నేను నమ్మింది ఎదుటివాళ్లకు మేలు చేస్తుందనుకుని తెలియనిది తెలిసినట్టు చెప్పాను. "తెలియదు," అన్నాను. "బతికేవాడో లేదో నాకు తెలియదు. తెలుసని చెప్తే మళ్లీ అప్పటి తప్పే చేసినదాన్ని అవుతాను. కానీ ఇది తెలుసు. అంత చిన్న బిడ్డకు ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి మరిచిపోతాడు, దానికే పోతాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్లు ఎవరితో పడుకున్నారన్నది వాడికి తగలదు. వేల మంది పిల్లల్ని చూశాం, ఒక్కడు కూడా దానికి పోలేదు. తండ్రి చేసింది ఏమీ లేదు. తల్లి చేసింది ఏమీ లేదు. వెచ్చగా ఉండే చోటికి వాడిని పోనివ్వకుండా తలుపు మూసింది నేను."

ఇంటి వెనక మేక అరిచింది. బిసలోము ఏదో అనబోయి జెలీఫా వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ చాప అంచున కూర్చుని ఉంది, రెండు చేతులూ తల మీద పెట్టుకుని. "నేనే అన్నాను," అంది. "అట్టపెట్టె గుంటలో పెట్టి వచ్చినరోజు, వీడేదో తప్పాడు అని ముందు అన్నది నేనే. మా తమ్ముడు తర్వాత." ముసలాళ్లలో ఒకావిడ, "మేమందరం అన్నాంలే," అంది. బిసలోము, "అబ్బాయి మంచివాడే. నా చూరు బాగుచేసి పెట్టాడు," అన్నాడు, అంతకంటే ఎక్కువ ఇవ్వడం ఆ వయసు మగాడికి కుదరదు, అందరికీ అది తెలుసు, కందికాయల చప్పుడు మళ్లీ మొదలైంది.

జెలీఫా ఏడుస్తుందనుకున్నాను. నడుము దగ్గర చితెంజె కొంగు ముడి విప్పి, అందులోంచి చిన్న ఫోను తీసింది, దారంతో కట్టిన మూత. నంబరు చూడకుండా నొక్కింది, పది అంకెలూ వేళ్లకు తెలుసు. తొమ్మిదో అంకె దగ్గర ఆగి, నొక్కింది. మోగడం మొదలవగానే ఫోను తన చెవికి పెట్టుకోలేదు. నా చేతిలో పెట్టింది.

"ఆయనకీ నువ్వే చెప్పు," అంది.

మోగుతోంది. మూడు, నాలుగు. ఆమె నా ఎదురుగా గొంతుక్కూర్చుని ఫోను వైపే చూస్తోంది, పెదవి పంటి కింద పెట్టుకుని. ఐదోసారికి ఎత్తాడు. వెనక ఏదో మిల్లు చప్పుడు, మగాళ్ల మాటలు, తర్వాత తలుపు వేసుకున్నట్టు ఒక్కసారిగా నిశ్శబ్దం. అతనికి ఆ నంబరు తెలుసు.

"జెలీఫా?" అన్నాడు.

"కాదు," అన్నాను. "కానీ పక్కనే ఉంది."